నీటికి విడిచిన చోటు

గంగా యమునల నడుమనున్న మైదానమును పారసీక పదము ననుసరించి ‘దోఆబ్’ అందురు. రెండు నీళ్ల నడిమి నేల యని దాని అర్థము. ఈ దోఆబ్‌లో మూడవ నది యొకటి కలదు. సహరాన్‌పూర్ ప్రాంతమున శివాలిక్ కొండల క్రింద పుట్టి, పశ్చిమ కాళీ, కృష్ణీ నదులను తనలో కలుపుకొని, దక్షిణముగా సుమారు 400 కిలోమీటర్లు ప్రవహించి, గౌతమ బుద్ధ నగర్ జిల్లాలోని మోమ్‌నాథల్ గ్రామము కడ యమునలో కలియు ఆ నది పేరు హిండన్. దాని పాతపేరు హరనంది. హిమాలయపు మంచుతో దానికి సంబంధము లేదు. అది వానలను నమ్ముకొన్న నది. దాని లోయలో, మీరట్ జిల్లాలోని ఆలంగీర్‌పూర్ వద్ద, హరప్పా నాగరికతకు చెందిన తూర్పు అంచు స్థలము బయల్పడినది. 1857 మే నెల చివర ఘాజియాబాద్ సమీపమున దాని వంతెన యొద్దనే తిరుగుబాటు సేనలకును ఆంగ్ల సేనలకును పోరు జరిగినది. ఇంతటి ప్రాచీనమైన నది తూర్పు దిక్కున, ముప్పది నలువది ఏండ్లలోపల పుట్టి పెరిగిన నగరము గ్రేటర్ నోయిడా. ఆ నేలపై పడిన వాననీరు పూర్వము ఎట్లు పోయెడిది, ఇప్పుడెట్లు పోవుచున్నది, ఆ మార్పునకు మూల్యము నెవరు చెల్లించుచున్నారు అను ప్రశ్నలకు సమాధానము ఆ నేల చరిత్రలోనే దొరకును.

ఆ ప్రాంతపు రైతు నేలను రెండు పేర్లతో పిలుచును. నది పొంగినప్పుడు మునుగు పల్లపు భూమి ‘ఖాదర్’. వరద అందని పాత మెరక భూమి ‘బాంగర్’. ఖాదర్ మన గోదావరి లంక భూములకు చుట్టమువంటిది. వరద తెచ్చిన ఒండ్రు దానికి ఎరువు, వరద దానికి యజమాని. అక్కడ పుచ్చకాయలు, కూరగాయలు, శీతకాలపు పైరులు పండించుకొనిరి కాని ఊళ్లు కట్టుకొనలేదు. ఊళ్లు బాంగర్ మీద వెలసినవి. రావణుని తండ్రియైన విశ్రవసుని పేర వెలసినదని ఊరివారు చెప్పుకొను బిస్రఖ్, పూర్వము పెద్ద గ్రామములుగా పేరొందిన కాస్నా, సూరజ్‌పూర్, ద్రోణాచార్యుని గుడికి ప్రసిద్ధమైన దన్‌కౌర్ మొదలగునవన్నియు నీటి మాట విని స్థలము నెంచుకొన్న ఊళ్లే.

ఊరు మెరకన ఉండిన చాలదు; ఊరిమీద పడిన నీరు కూడ ఎచటికైనను పోవలెను. మట్టి యిండ్లకు, ఇటుకలకు మన్ను త్రవ్విన చోటు పల్లమయ్యెను. ఆ పల్లమే చెరువయ్యెను. ఊరి వాలు ఎటున్నదో చెరువు అటే ఏర్పడినది. పశువులు దానిలో నీరు త్రాగినవి, స్త్రీలు గట్టున బట్టలు ఉదికిరి, వేసవిలో అడుగు మన్ను త్రవ్వి మరల గోడలకు పూసిరి. ఆ త్రవ్వకముతో చెరువు పూడిక తీయబడెను. రెవెన్యూ లెక్కలలో ఆ చెరువు ఏ ఒక్కని సొత్తును కాదు, ఊరి ఉమ్మడి భూమి. పొలముల గట్లు జానెడు ఎత్తుననే ఉన్నను, ప్రతి మడి కొన్ని గంటలు నీటిని పట్టి ఉంచెడిది. ఇట్లు వాన మొదట మడిలోను, తరువాత చెరువులోను, ఆపైన పల్లపు వాగులలోను ఆగి ఆగి, రోజులు గడిచిన పిమ్మట హిండన్‌ను చేరెడిది. దీనిని ఏ ఇంజనీరును గీయలేదు. కాని ఇది ఒక ఏర్పాటే. నీటికి కొంత చోటు విడిచిపెట్టుట దాని సారము.

ఈ ఏర్పాటునకు మొదటి దెబ్బ నగరము వలన తగులలేదు, కాలువల వలన తగిలెను. పందొమ్మిదవ శతాబ్దపు తొలి దశలలో ఆంగ్ల ప్రభుత్వము మొగలాయీల నాటి యమునా కాలువలను పునరుద్ధరించెను. పడమటి కాలువ ఢిల్లీకి నీరు తెచ్చెను. తూర్పు కాలువ 1830లో దోఆబ్‌లో పారెను. కాలువ వెంట పంట పెరిగినది. దానితోపాటు జ్వరము కూడ పెరిగినది. పడమటి కాలువ ప్రక్కనున్న కర్నాల్‌లో సైనికులు జ్వరములతో కూలిపోవగా ఆ దండు స్థావరమును విడిచిపోవలసి వచ్చెను. అప్పటికే గంగనుండి మరింత పెద్ద కాలువ త్రవ్వు ఆలోచన సాగుచుండెను. కావున ఈ విషయమును విచారించుటకు 1845లో బేకర్, డెంప్‌స్టర్, యూల్ అను ముగ్గురితో ఒక సంఘము నియమింపబడెను. వారిలో డెంప్‌స్టర్ వైద్యుడు. ఆయన ఊరూర తిరిగి మనుష్యుల కడుపు తడిమి, ప్లీహము వాచినవారెందరో లెక్కించెను. ఏ ఊర జ్వర మెంత స్థిరపడినదో ఆ లెక్క చెప్పెడిది. జ్వరమును దోమ మోయుచున్నదని అప్పటికి లోకమునకు తెలియదు. అది తేలుటకు 1897లో సికింద్రాబాదున రొనాల్డ్ రాస్ పరిశోధన ఫలించువరకు అర్ధశతాబ్దము పట్టినది. అయినను ఆ ముగ్గురు గ్రహించిన విషయము సత్యమునకు దగ్గరగానే ఉన్నది. కాలువ గట్లు నేల సహజపు వాలునకు అడ్డుపడినచోట వాననీరు కదలలేక నిలిచిపోవుచున్నది, అట్టి చోట్లనే జ్వర మెక్కువగా ఉన్నదని వారు 1847లో నివేదించిరి.

ఆ నివేదిక అటకెక్కలేదు. 1854లో ప్రారంభమైన గంగ కాలువను కాట్లీ, సాధ్యమైనంత వరకు రెండు నదుల పరివాహముల నడిమి మెరక మీదుగా నడిపెను. మెరక వెంబడి పోవు కాలువ ఏ వాగును అడ్డగింపదు. వాగులు దాటక తప్పని ఎగువ భాగమున ఆయన వాటికి ప్రత్యేకమైన దారులు కట్టించెను. రూర్కీ వద్ద సోలానీ నదిపై కట్టిన నీటివంతెన వాటిలో మిక్కిలి ప్రసిద్ధము. ముందు నీటి బాట చూచి, తరువాత తన కట్టడమును గీయవలెనను ఈ పాఠమును దోఆబ్ తన రోగుల దేహములనుండి నేర్చుకొనెను. కాని నూటయేబది ఏండ్లలో ఆ పాఠము మరుపున పడెను.

1976లో ఉత్తర ప్రదేశ్ ప్రభుత్వము పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి చట్టమును చేసి నోయిడాను స్థాపించెను. ఆ చట్టము క్రిందనే 1991 జనవరిలో గ్రేటర్ నోయిడా అథారిటీ ఏర్పడినది. నూరుకు పైబడిన గ్రామములు దాని పరిధిలో చేరినవి. విశాలమైన రాచబాటలు, చదరముగా కోసిన సెక్టార్లు, పరిశ్రమలకు వేరుగా స్థలములు, ఉద్యానములు ప్రణాళికలో కనిపించినవి. ఢిల్లీలోని ఇరుకునకు విసిగిన మధ్యతరగతి కుటుంబములకు ఈ నగరము గొప్ప ఆశను చూపినది. అందులో వారి తప్పు లేదు. ఆ దేశమునకు ఇండ్లు, పనులు కావలసియున్నవి. కాని ప్రణాళికా పటము మీద నేల సమతలమైన తెల్లకాగితమువలె కనిపించును. జానెడు పల్లమును, ఊరి చెరువును, వానకాలమున మాత్రమే కనిపించు వాగును ఆ కాగితము గుర్తింపలేదు.

భూసేకరణ మీద పెద్ద వివాదములే జరిగినవి. 2011 జూలైలో సుప్రీంకోర్టు షాబేరీ గ్రామపు భూసేకరణ రద్దును సమర్థించెను. అదే సంవత్సరము అక్టోబరులో అలహాబాదు హైకోర్టు అనేక గ్రామముల రైతులకు 64.7 శాతము అదనపు పరిహారమును, అభివృద్ధి చేసిన భూమిలో 10 శాతమును ఇవ్వవలెనని తీర్పు చెప్పెను. రైతుకు న్యాయము జరుగుట ముఖ్యమే. కాని ఆ వాదము ప్రధానముగా భూమి ఏ ప్రయోజనమునకు తీసుకొనబడినది, దాని వెల యెంత అను ప్రశ్నల చుట్టు తిరిగినది. ఆ భూమి అంతవరకు చేయుచుండిన పనికి, అనగా నీటిని ఆపి ఇంకించు పనికి, వెల కట్టినవారు లేరు.

ఆ పని యెంతటిదో చిన్న లెక్కతో తెలియును. ఒక హెక్టారు నేలపై ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిసినదనుకొందము. పడిన నీరు 500 ఘనమీటర్లు, అనగా 5 లక్షల లీటర్లు. అది గట్లు గల దుక్కి నేలయైనచో అందులో అయిదవ వంతు, అనగా లక్ష లీటర్లు మాత్రమే పారిపోవుననుకొనవచ్చును. తక్కినది ఇంకును, లేక మడిలో నిలుచును. అదే నేల పైకప్పులతోను, తారుతోను, కాంక్రీటుతోను కప్పబడినచో నాలుగు లక్షల లీటర్లకు తక్కువ కాకుండ పారును. ఈ విధమైన లెక్కను 1851లో ఐర్లండున మల్వనీ యను ఇంజనీరు సూచించెను. 1889లో అమెరికాలోని రాచెస్టరు నగరపు మురుగు కాలువలకై కుయిక్లింగ్ దానిని రూపొందించి వాడుకలోనికి తెచ్చెను. నేటికిని నగరముల వాననీటి కాలువలు ఈ సూత్రము మీదనే కట్టబడుచున్నవి. కావున నేల కప్పబడినచో నీరు పెరుగునన్న సంగతి ఎవరికిని తెలియనిది కాదు.

నీటి పరిమాణమొక్కటే మారదు, దాని వేగము కూడ మారును. పొలము రోజుల తరబడి విడిచిపెట్టిన నీటిని రోడ్డు గంటలలో విడిచిపెట్టును. వేయి పొలముల నీరు వేరువేరు సమయములలో నదిని చేరినచో నది ఓర్చుకొనును. వేయి ఆవరణల నీరు ఒక్క గడియలో చేరినచో ఓర్చుకొనలేదు. దీనికి మరొక ప్రక్క కూడ కలదు. భూమిలోనికి ఇంకని నీరు వేసవిలో నదికి తిరిగి రాదు. వాననది వర్షములు వెలసిన పిమ్మట కూడ పారుట, భూగర్భము దాచియుంచిన నీరు మెల్లగా ఊరుట వలననే. ఒక వైపు ఇంకుడు తగ్గి, మరియొక వైపు గొట్టపు బావులతో తోడకము పెరిగినచో ఆ ఊట ఆగిపోవును. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లో నోయిడా, గ్రేటర్ నోయిడా కట్టడములకు భూగర్భజలమును వాడరాదని ఆదేశింపవలసి వచ్చెను. వానకాలమున పొంగు, వేసవిన ఎండుట అను రెండు కష్టములకు మూలము చాలవరకు ఒక్కటే. ఎండకాలమున హిండన్‌లో పారునది ఎక్కువ భాగము పట్టణముల మురుగు, పరిశ్రమల వ్యర్థజలము. అట్టి నదిని చూచినవారికి అది నది యన్న జ్ఞాపకము కూడ పోవును. జ్ఞాపకము పోయినచోట దాని పల్లములో ఇల్లు కట్టుటకు జంకు ఉండదు.

ఈ చరిత్రలో చెరువు మరల న్యాయస్థానమునకు ఎక్కినది. గ్రేటర్ నోయిడాలోని సైనీ గ్రామవాసి యొకడు, తమ ఊరి ఉమ్మడి చెరువులను అథారిటీ వారు పరిశ్రమలకు కేటాయించిరని ఫిర్యాదు చేసెను. దానికి బదులుగా మరియొక చోట ఇంతకంటె పెద్ద చెరువు త్రవ్వింతుమని అధికారులు సమాధానమిచ్చిరి. ట్రిబ్యునల్ అతని అర్జీని త్రోసివేయగా అతడు సుప్రీంకోర్టునకు పోయెను. 2019 నవంబరు 25న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము అతని పక్షమున తీర్పు చెప్పినది. ఊరి ఉమ్మడి జలాశయములను కొందరికి ధారపోయుట చెల్లదు, వేరొకచోట చెరువు త్రవ్వుట వలన ఈ చెరువు నష్టము పూడదు, కేటాయింపులు రద్దుచేసి మూడు నెలలలో చెరువులను పునరుద్ధరింపవలెను అని ఆ తీర్పు సారాంశము. క్రొత్తచోట అదే జీవజాలము ఏర్పడునన్న హామీ లేదనియు, దూరముననున్న చెరువు ఈ ఊరివారికి ఉపయోగపడదనియు న్యాయమూర్తులు కారణము చూపిరి. నీటి శాస్త్రము దానికి మరియొక కారణమును జోడింపగలదు. చెరువు స్థలమును నిర్ణయించునది నేల వాలు, పట్టాదారు కాదు. నీరు వచ్చి చేరని చోట ఎంత పెద్ద గుంట త్రవ్వినను అది గుంటయే యగును. చెరువును తీసివేసిన చోటికి మాత్రము నీరు వచ్చుట మానదు.

నదిని దూరముగా ఉంచుటకు గట్లు కట్టబడినవి. వాటిని ఆ ప్రాంతమున ‘పుశ్తా’ అందురు. గట్టు వెలుపలి నీటిని ఆపుననుటలో సందేహము లేదు. కాని అది లోపలి నీటిని కూడ ఆపును. నగరముమీద కుండపోతగా వాన కురియునప్పుడే నది కూడ నిండియుండును. నది మట్టము కాలువ మూతికంటె ఎత్తైనపుడు తూము మూయక తప్పదు. మూసినచో నగరపు నీరు నగరములోనే నిలుచును. కృష్ణా డెల్టాలో మురుగు కాలువ ఎగదన్నుట చూచిన తెలుగు రైతునకు ఈ విషయము వివరింపనక్కరలేదు. గట్టు కట్టిన పిమ్మట ఖాదర్ సంకుచితమగును, నదికి ప్రక్కలకు పరచుకొను చోటు తగ్గును, దాని మట్టము పైకి లేచును.

2023 జూలైలో ఇది అందరి కన్నుల యెదుట జరిగినది. ఆ నెల 8, 9 తేదీలలో ఇరువది నాలుగు గంటలలో ఢిల్లీపై 153 మిల్లీమీటర్ల వాన కురిసినది. 11న ఎగువనున్న హథినీకుండ్ బ్యారేజి నుండి అత్యధికముగా 3.59 లక్షల క్యూసెక్కుల నీరు విడువబడినది. 13న ఢిల్లీ పాత రైలు వంతెన వద్ద యమున 208.66 మీటర్లకు చేరినది. అంతకుముందటి అత్యధిక మట్టము 1978లో నమోదైన 207.49 మీటర్లు. విశేష మేమనగా, 1978లో ఎగువనుండి వచ్చిన నీరు సుమారు 7 లక్షల క్యూసెక్కులు. 2019లో 8.28 లక్షల క్యూసెక్కులు విడువబడినను ఢిల్లీ వద్ద నది 206.60 మీటర్లను మించలేదు. సగముకంటె తక్కువ నీరు రెండు మీటర్లు ఎక్కువ ఎత్తునకు లేచినది. దీనికి ఒక్కటే కారణమని చెప్పుట న్యాయము కాదు. ఎగువనుండి పెద్ద ప్రవాహము ఎక్కువ గంటలు సాగినది, స్థానికముగా మహావర్షము కురిసినది, ఐ.టి.ఓ. బ్యారేజి తలుపులలో అయిదు తెరచుకొనలేదు. కాని వీటికి తోడు, పూడికతో మెరకవేసిన నదీగర్భము, వంతెనలతోను గట్లతోను కట్టడములతోను ఇరుకైన ఖాదర్ కూడ లెక్కలోనికి రావలెను.

హిండన్ కూడ ఆ నెలలోనే పొంగినది. ఘాజియాబాద్, నోయిడా, గ్రేటర్ నోయిడాలలోని పల్లపు కాలనీలనుండి జనులను తరలింపవలసి వచ్చెను. గ్రేటర్ నోయిడా ఇకోటెక్ ప్రాంతమున నది ప్రక్కన నిలిపియుంచిన వందలకొలది కార్లు పైకప్పుల వరకు నీట మునిగిన చిత్రములు దేశమంతటా ప్రచురింపబడినవి. కార్లు జనుల దృష్టి నాకర్షించినవి. కాని ఎక్కువ నష్టపోయినవారు ఖాదర్‌లో చౌకగా చిన్న స్థలము కొనుక్కొని, ఒక్కొక్క ఇటుక పేర్చుకొని గది కట్టుకొన్న కూలీలు, పనివారు. నగరములోని పెద్ద భవనములను కట్టినవారు వారే. ఆ భవనములలో ఇల్లు కొనలేక, నది ఎండియున్న సంవత్సరములలో దాని పల్లమును నమ్మి వచ్చిరి. వారికా స్థలము అమ్మినవారు వరద నాటికి అక్కడ లేరు. మెరకమీది సెక్టారు తన నీటిని ఎంత త్వరగా వదలించుకొన్నచో పల్లములోని గది అంత త్వరగా మునుగును. వాననీటి కాలువ ఒక దృష్టిలో ఒకరి నీటిని మరియొకరి యింటికి చేర్చు సాధనము.

హైదరాబాదు ఇట్టి పాఠమును బహు కఠినముగా నేర్చుకొన్నది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి సుమారు పదునైదువేల ప్రాణములను హరించెను. మరుసటి సంవత్సరము నిజాము ప్రభుత్వపు పిలుపుపై వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, నగరమును పరిశీలించుటతో ఆగక ఎగువనున్న పరివాహ ప్రాంతమును మొత్తము పరీక్షించెను. అక్కడి వందలాది చెరువులలో రెండు వందలకు పైగా తెగి తమ నీటిని ఒక్కమారుగా నదిలోనికి విడిచినవని తేలినది. చెరువు ఉన్నంత మాత్రమున రక్షణ కలుగదు, దానిని కాచుకొను యేర్పాటు కూడ ఉండవలెనని ఆ సంఘటన తెలుపుచున్నది. ఆయన సూచన ఫలితముగా నగరమునకు ఎగువన వరదను ఆపు జలాశయములు లేచినవి: 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. అయినను ఆ నగరమే తరువాతి కాలమున తన చెరువులను, నాలాలను కట్టడములతో నింపుకొని, 2000లోను 2020లోను వరద పాలైనది. పాఠము నేర్చుట వేరు, దానిని తరతరములకు నిలుపుకొనుట వేరు.

గ్రేటర్ నోయిడాకు ఇంకను కొంత అవకాశ మున్నది. సూరజ్‌పూర్ వద్ద అడవి నడుమ నీటితో నిండు చిత్తడినేల మిగిలియున్నది. శీతకాలమున వలస పక్షులు అచటికి వచ్చును. ఆ పక్షులకు ఆశ్రయమైన నేలయే నగరపు వాననీటికి కూడ ఆశ్రయము. 2019 తీర్పు చెరువులకు చట్టబద్ధమైన అండ నిచ్చినది. ఇక మిగిలినది మూడు పనులు. రెవెన్యూ పటములలో పేరున్న ప్రతి చెరువును నేలమీద గుర్తించి దానికి నీరు వచ్చు దారిని విడిపించుట. క్రొత్త సెక్టారు ప్రతిదియు తనమీద పడిన వానలో పెద్ద భాగమును తనలోనే ఆపవలెనని నియమించుట. ఖాదర్‌లో ఇప్పటికే నివసించు పేదలకు మెరకన ఇల్లు చూపిన పిమ్మటనే ఆ నేలను నదికి విడుచుట. మూడవది చేయక మొదటి రెండు చేసినచో నదికి న్యాయము జరుగును కాని మనిషికి జరుగదు.

ఇవి వ్యయముతో కూడిన పనులే. కాని చేయకుండుట కూడ వ్యయమే. తేడా యెల్ల ఆ వ్యయము ఎవరి లెక్కలో వ్రాయబడుచున్నదను విషయముననే కలదు. 1845లో ముగ్గురు మనుష్యులు ఊరూర తిరిగి, కాలువ లాభము గణించునప్పుడు లెక్కకు రాని నష్టమును రోగుల దేహములలో వెదకిరి. ఆ తరువాత కట్టిన కాలువ దారి మార్చుకొన్నది. నేడు దోఆబ్‌లో క్రొత్త నగరమును గీయువారి ముందు వాన లెక్కలు, నేల వాలు పటములు, 2023 నాటి నీటి గుర్తులు అన్నియు ఉన్నవి. బాటలు గీయుటకు ముందు ఆ పటములను విప్పవలసియున్నది.